గండయ్య ఒంట్లో కరెంటు

“మా ఇంట్లకు కరెంటొద్దు. మనుషులను సంపుతదట!” సుభద్రమ్మ వాకిట్లోనే లైన్‌మన్‌ను ఆపేసింది.

అంతలో మగ్గం గుంటలోంచి ఆమె మొగుడు గండయ్య కేక పెట్టాడు. “కరెంటు కొట్టిందే!”

కరెంటు పట్టినవాణ్ని చేత్తో ముట్టకూడదని సుభద్రమ్మ ఎవరో చెప్పగా విన్నది. ఎండుకట్టె అందుకుని లోపలికి ఉరికి అతని చేతి మీద ఒక్కటిచ్చింది.

“సంపుతవా? మోచెయ్యి మగ్గానికి తాకి వేళ్లదాక జుమ్మన్నది, గంతే!”

సైన్సు చదివే కూతురు శారద పడీపడీ నవ్వింది. “దెబ్బ తాకితే నరమే సన్నగ కరెంటు పుట్టిస్తదమ్మా. అంచెలంచెలుగ మెదడు దాక అందిస్తది. చెయ్యి ఆడినా, కాలు ఆడినా గదే కరెంటు.”

“అంటే మీ బాపు ఒంట్ల పుట్టినకాడికెల్లి కరెంటున్నదా?”

“ఉన్నది.”

సుభద్రమ్మ కట్టె కింద పడేసి, వెళ్లిపోతున్న లైన్‌మన్‌ను కేకేసింది.

“ఓ అన్నా, జర ఆగు! ఇన్నేండ్లు గీయన పక్కల పండుకున్న, సచ్చిన్నా? ఒక బల్బు పెట్టిపో!”