మానేసిన మాత్ర

"చచ్చినా సరే, ఈ మాత్ర ఇంక మింగను!" అంటూ పెయింటరు మందుల స్ట్రిప్పును నేలకేసి కొట్టాడు.

మోచేతికి కట్టుతో అప్పుడే ఆస్పత్రి నుంచి వచ్చాడు. పొద్దున నిచ్చెన మీదుండగా తొడ కండరాలు పట్టేసి కింద పడ్డాడు. పుట్టీ బస్తాల మీద పడ్డాడు కాబట్టి చేతితో పోయింది.

"అంత కొలెస్ట్రాల్ పెట్టుకుని మానేస్తారా?" భార్య ఆ స్ట్రిప్పును నేల మీంచి తీసుకుంది. "మీ అన్నయ్య కూడా ఇలాగే ఒళ్ళు నొప్పులని మానేశారు. ఏడాది తిరక్కుండానే గుండె ఆగిపోయింది. మర్చిపోయారా?"

"మింగితే నిచ్చెన మీంచి పడి పోతాను. ఏదైతేనేం? అయినా డాక్టరే ఆపమన్నాడు. ఆరు వారాలు ఆపి చూస్తాడట. నొప్పి తగ్గితే మాత్ర వల్లేనని తేలుతుంది. అప్పుడు వేరే మందుకు మారుస్తాడట, లేదంటే రోజు విడిచి రోజు ఇస్తాడట."

"డాక్టరు మందు మానమంటాడా? ఎవరి చెవిలో పువ్వులు పెడుతున్నారు? సిగరెట్లు మానేశానని కూడా ఇలాగే ఒట్టేసి చెప్పారు."

"ఇక వదిలెయ్యమ్మా," అంది కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే కూతురు. "నాన్న సంగతి నీకు తెలీనిదా?"

పెయింటరు అబద్ధం చెప్పలేదు. ఈసారి నిజంగానే సిగరెట్లు కూడా మానేశాడు. వేపుళ్ళు వద్దన్నాడు. రోజూ ముప్పావు గంట నడిచాడు. పొద్దున్నే భార్య పెట్టే ఓట్స్‌ను, "గోడకు పూసేది గిన్నెలో పోశావేమిటే," అని విసుక్కుంటూనే ఖాళీ చేశాడు.

వారం గడిచింది. నొప్పి తగ్గలేదు. రెండో వారానికి తొడల నుంచి భుజాలకు పాకింది. రోలరు పట్టుకున్న చెయ్యి తల దాటి పైకి లేవడం లేదు. సీలింగుకు ఒక్క వరస వేసేసరికి చెమటలు పట్టి గోడకు చేరగిలబడ్డాడు.

మేస్త్రీ కాసేపు చూసి, "అన్నా, పైన మేం చూసుకుంటాంలే. నువ్వు కింద కూర్చుని తలుపులకు ఉప్పుకాగితం కొట్టు," అన్నాడు.

మేస్త్రీకి పని నేర్పింది పెయింటరే. రుద్దిన తలుపునే మళ్ళీ రుద్దుతూ సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాడు.

"మాత్ర మానితే తగ్గుతుందన్నారుగా?" అంది భార్య ఆ రోజు, వేణ్ణీళ్ళ కాపడం పెడుతూ.

"తగ్గాలి మరి. ఎందుకు తగ్గట్లేదో!"

ఆవిడ తల వంచుకుని గుడ్డ పిండింది.

అయిదో వారంలో ఒక ఉదయం మంచం మీంచి లేవలేకపోయాడు. తల్లీకూతుళ్ళు చెరో రెక్క పట్టుకుని బాత్రూముకు తీసుకెళ్ళారు. మూత్రం కాఫీ డికాషన్‌లా నల్లగా వచ్చింది. ముగ్గురూ బెదిరిపోయారు. మధ్యాహ్నానికి ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు, చేతికి సెలైన్.

డాక్టరు రిపోర్టు రెండుసార్లు చదివాడు.

"కండరాలు కరిగిపోతున్నాయి. ఆ చెత్తంతా కిడ్నీలకు అడ్డం పడుతోంది. మాత్ర ఆపేసి ఎన్నాళ్ళయింది?"

"ముప్పై మూడు రోజులు. మీరు చెప్పిన రోజు నుంచీ ముట్టలేదు సార్, నా కూతురి మీద ఒట్టు."

"అయితే ఇది మందు వల్ల కాదు," డాక్టరు కళ్ళజోడు తీశాడు. "కండరాల జబ్బు ఏదో లోపల్నుంచే పుట్టింది. తొడలోంచి చిన్న ముక్క కోసి పరీక్షకు పంపాలి. అదే అయితే, మీరింక నిచ్చెన సంగతి మర్చిపోవాలి."

పెయింటరు తల పక్కకు తిప్పుకున్నాడు. తెల్లటి గోడ మీద ఎవరో సరిగ్గా పూయక వదిలేసిన చారలు కనిపించాయి. కళ్ళు మూసుకున్నాడు.

"కోయొద్దు సార్!" భార్య ఒక్కసారిగా బావురుమంది. "నేనే. మీరు మానమన్నారంటే నమ్మలేదు. ఆయన అన్నయ్యలాగే పోతారని భయమేసింది. రోజూ పొద్దున మాత్ర నూరి ఓట్స్‌లో కలిపేశాను."

పెయింటరు కళ్ళు తెరిచాడు. కోప్పడడానికి కూడా ఓపిక లేదు. "ఎంత పని చేశావే," అన్నాడు మెల్లగా.

డాక్టరు మళ్ళీ రిపోర్టు తీసుకుని నుదురు చిట్లించాడు.

"రోజుకు ఒకటేనా? నిజం చెప్పండమ్మా."

"ఒకటే సార్. అంతకు మించి వేయలేదు."

"ఆ ఒక్కటీ ఇంతకు ముందూ వేసుకున్నారుగా. దానికే జబ్బు ఇంత ముదరకూడదే!"

మంచం చివర నిలబడ్డ కూతురు తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అమ్మా... రోజూ రాత్రి నాన్న పాలల్లో నేనూ కలుపుతున్నానే!"