ఒక్క అక్షరం మార్చలేదు

"నా పాత ఫైలుతోనే పెట్టు. ఒక్క అక్షరం మార్చకు," అని పొద్దునే హుకుం జారీ చేశాడు మేనేజరు.

కొత్తగా చేరిన ఇంజనీరమ్మాయి మార్చలేదు. ఫ్యాక్టరీలో పాత యంత్రాలది ఒక భాష, కొత్త సెన్సార్లది ఇంకో భాష. అందరి సందేశాలూ అందుకుని చేరవేసే బ్రోకర్ అనే ప్రోగ్రామును, సర్వర్‌లో విడి డబ్బాలా ఉండే కంటైనర్‌లో నిలబెట్టింది. తెరమీద నాలుగువందల పన్నెండు సందేశాలు వరసలో ఉన్నాయి.

"అప్‌డేట్ చేస్తే ఇవి ఉంటాయా? పోయినేడాది అన్నీ పోయాయి," అంది పక్కనే నిలబడి చూస్తున్న ఫ్యాక్టరీ యజమానురాలు.

"అప్పుడు ఆ పనికిమాలినవాడు చెరిపేశాడు మేడమ్. అందుకేగా వాణ్ణి ఉద్యోగంలోంచి తీసేశాం," అన్నాడు మేనేజరు.

ఇంజనీరమ్మాయి లేచి తన కుర్చీ మేనేజరుకి చూపించింది. "అప్‌డేట్ అంటే ఇంతే, పాత కంటైనర్ తీసేసి కొత్తది పెట్టండి సార్. మీ చేత్తోనే."

అతను పెట్టాడు. తెరమీద సున్నా.

"ఇప్పుడెవరు చెరిపారు?" అంది యజమానురాలు.

"ఎవరూ చెరపలేదండీ," అంది ఇంజనీరమ్మాయి. " సందేశాలు బయటి డిస్కులో దాచమని ఒక లైను రాయాలి. లేకపోతే కంటైనర్‌తోపాటే పోతాయి. సార్ ఫైల్లో ఆ లైను లేదు. పోయినేడాదీ లేదు."

మేనేజరు ఆమె వైపు తిరిగాడు. "తెలిసి తెలిసి అన్ని సందేశాలు పోగొట్టావా?"

"ఇవి ఉత్తుత్తివి సార్, పరీక్షకి నేనే పంపాను. పోయినేడాది మీరు పోగొట్టినవే నిజమైనవి."

"ఆ తీసేసినతను నీకేమవుతాడు?" నెమ్మదిగా అడిగింది యజమానురాలు.

"తమ్ముడండీ."

ఇంజనీరమ్మాయి మేనేజరు ఫోను అతని ముందుకి జరిపింది.

"మీ పేరు చూస్తే వాడు ఎత్తడు సార్. ఎత్తేదాకా చేస్తూనే ఉండండి."