ఆకులు తుంచే పందెం

"చెయ్యి తియ్యి అత్తా! ఇంకో ఆకు ముట్టుకున్నావంటే ఊరుకోను," అని నెవిల్ వంటింటి గుమ్మంలోంచే కేకేశాడు.

పెరట్లో గంజాయి మొక్క ముందు స్టూలు వేసుకుని కూర్చున్న డల్సీ వెనక్కి తిరగనైనా లేదు. విసనకర్రలా విచ్చుకున్న ఆకునొకదాన్ని టప్పున తుంచి గడ్డిలో పడేసింది.

"మనిషికి రెండు మొక్కలు పెంచుకోవచ్చని ఇక్కడి చట్టమే ఇచ్చింది. ఈ రెండూ నావి. నీ రెండింటినీ నువ్వు ఒళ్ళో పడుకోబెట్టుకుని జోకొట్టుకో."

"మొక్కకి వండిపెట్టేది ఆకులే కదా! అవి పీకేస్తే అదేం తిని బతుకుతుంది?"

"అన్నీ ఎవరు పీకారయ్యా? లోపల గుబురుగా ఉన్నవే తీస్తున్నా. గాలాడకపోతే మొగ్గల్లో తడి నిలిచి బూజు పడుతుంది. టమోటాలు పండించి ముగ్గురు పిల్లల్ని పెంచాను నేను."

"ఇవి టమోటాలు కావు."

తీగ మీద బట్టలు ఆరేస్తున్న లోర్నాకి నవ్వొచ్చింది. ఆ వెనకే దిగులూ వచ్చింది. తుంటి ఆపరేషన్ అయ్యాక అమ్మ కాన్‌బెర్రా వచ్చి డిసెంబరు నుంచి వేసవంతా వీళ్ళింట్లోనే ఉంది. ఇప్పుడు నడక కుదుటపడింది కాబట్టి వృద్ధుల హోమ్‌కి పోతానంటోంది. ఏప్రిల్‌లో గది ఖాళీ అవుతుందట. ఉండిపొమ్మని ఎంత బతిమాలినా ఒకటే మాట: "పనీపాటా లేకుండా అల్లుడింట్లో కూర్చుని తినను."

"సరే, పందెం!" అన్నాడు నెవిల్. "కోత నాటికి నా మొక్కలు బాగుంటే నువ్వు మారుమాట్లాడకుండా హోమ్‌కి పో."

"నావి బాగుంటే?"

"ఇక్కడే ఉండి పెరడంతా నువ్వే చూసుకో. వచ్చే ఏడు నేను నోరెత్తను."

"నీ నోరు మూయించడానికైనా గెలుస్తాను, చూడు!" అంది డల్సీ. ఇద్దరూ చేతులు కలిపారు.

ఆవిడ లోపలికి వెళ్ళగానే లోర్నా మొగుడి మీద విరుచుకుపడింది.

"బుద్ధుందా నీకు? మా అమ్మని పొమ్మంటావా?"

"పందెం అన్నాక ఏదో ఒకటి ఒడ్డాలి కదా," అంటూ నెవిల్ టీ కప్పుతో తన మొక్కల దగ్గరికి నడిచాడు. ఆ వారమంతా లోర్నా అతనితో ముక్తసరిగానే మాట్లాడింది.

మార్చిలో చినుకన్నది పడలేదు. నెవిల్ మొక్కలు ఏపుగా పొదల్లా పెరిగాయి. డల్సీవి వాటి పక్కన బక్కచిక్కినట్టు కనిపించేవి. నెవిల్ అందరికన్నా ముందే లేచి, టీ పెట్టుకుని, తన మొక్కల చుట్టూ తిరిగేవాడు. ముసలావిణ్ణి వెళ్ళగొట్టడానికి ఇంత పట్టుదలా అని లోర్నాకి కడుపు రగిలిపోయేది.

చలికాలం దగ్గరపడి గడ్డకట్టే మంచు మొదలవకముందే, ఈస్టర్ శనివారం కోతకి దిగారు. నెవిల్ తన మొక్కలో లావుపాటి మొగ్గ తెంపి రెండుగా విప్పాడు. లోపలంతా బూడిదరంగు బూజు. ఇంకోటి విప్పితే అదీ అంతే.

"చెప్పానా, లేదా?" డల్సీ కత్తెర పైకెత్తి గంతేసినంత పని చేసింది. "గాలాడకపోతే పొగమంచు తడి చాలు!" ఆవిడ మొగ్గలు చిన్నవే కానీ ఒక్కదానికీ మచ్చ లేదు.

"ఓడిపోయాను అత్తా," అని నెవిల్ తల దించుకున్నాడు.

డల్సీ అప్పటికప్పుడే లోపలికి వెళ్ళి హోమ్‌కి ఫోన్ చేసింది. "గది ఇంకెవరికైనా ఇచ్చుకోండి. మా అల్లుడికి ఆకు తుంచడం కూడా చేతకాదు. ఇతన్ని ఇలా వదిలేసి ఎలా రాను?"

లోర్నాకి సంతోషంతో కళ్ళు నిండాయి. కుళ్ళిన మొగ్గల్ని చెత్తడబ్బాలో పోస్తున్న మొగుణ్ణి చూస్తే జాలీ వేసింది.

"పాపం, ఎంత చాకిరీ చేశావు! చినుకైనా పడకుండా బూజెలా పట్టింది నెవ్?"

నెవిల్ కిటికీ వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించాడు.

"రోజూ పొద్దున్నే మొగ్గలు నానేదాకా నీళ్ళు చల్లాను."