వెనక లైట్లు

సాయికిరణ్ బ్రేకు తొక్కాడు. ట్రాక్టరుకు తగిలించిన ట్రాలీ డబ్బా వెనక ఎర్రలైటు వెలగాల్సింది పోయి, రెండు పక్కలా ఇండికేటర్లు గుడ్డిగా వెలిగాయి.

వెనక నిలబడి చూస్తున్న అరుణమ్మకు ప్రాణం ఉసూరుమంది.

"వెలిగిందా అమ్మా?"

"ఏదో ఒకటి వెలిగింది గని, వెలగాల్సింది వెలగలే."

బల్బులు మార్చారు. పాత వైరు పీకి కొత్తది వేశారు. పటాన్‌చెరు నుంచి వచ్చిన మెకానిక్కు ఒక పూటంతా కూర్చుని, మళ్లీ వస్తానని వెళ్లి, ఇక ఫోనే ఎత్తడం లేదు.

ఆ డబ్బాను బొంతపల్లి పెద్దరాములు దగ్గర కొన్నారు. దసరాకు ఆయుధపూజ ఉందని, లైట్లు విప్పించి, మొత్తానికి కొత్త రంగు వేయించి, బంతిపూల దండ కట్టి మరీ ఇచ్చాడాయన. ఆ పండుగ నుంచే లైట్లకు ఈ రోగం.

ఇవాళ ఒక కంపెనీ నుంచి పాత చెక్కపెట్టెలు మోయాలి. బండి పెట్టకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది.

వెలుతురుండగానే తమ ఊరు కర్దనూర్‌కు తిరిగొస్తానంటాడు సాయికిరణ్. కంపెనీ వాళ్లు ఎప్పుడు వదిలేదీ వాడి చేతిలో ఉందా? చీకటి పడితే? వెనక నుంచి లారీ వచ్చి గుద్దితే? ట్రాక్టరు మీద కూర్చున్న కొడుకు ఎగిరి ఎక్కడ పడేదీ కూడా ఆమెకు కళ్లకు కట్టినట్టు కనిపించింది.

పొద్దటి నుంచి అదే మాట చెప్పీ చెప్పీ ఆమె గొంతు పోయింది. వినీ వినీ వాడు అలిసిపోయాడు.

అప్పుడు గేటు దగ్గర ఒకామె ఆగింది. తలకు దుపట్టా, ఒంటి మీద ఏదో కంపెనీ నీలం కోటు. ఆమెను ఈ వాడలో ఎప్పుడూ చూడలేదు.

"ఈ డబ్బా పెద్దరాములుదే గదా అక్కా?"

అరుణమ్మకు అనుమానం వచ్చింది. దొంగసొమ్మేమో, వెనక పోలీసులు వస్తున్నారేమో.

"ఇప్పుడు మాది. ఏం పని?"

నిన్న కంపెనీ బస్సులోంచి చూశానని, వెనక లైట్లు సరిగా వెలగడం లేదని, ఇల్లు కనుక్కుని వచ్చానని ఆమె చెప్పింది. అన్నీ బాగానే ఉన్నాయని అరుణమ్మ అబద్ధమాడింది.

సాయికిరణ్ నవ్వాడు. "మా అమ్మకు నువ్వు ఆర్టీవో లెక్క కనవడుతున్నవు. లైట్లు వెలుగుతలేవమ్మా. నీకేమన్న తెలుస్తదా?"

"వైర్లు కట్టే కంపెనీలనే చేస్త బేటా. జెర బ్రేకు తొక్కు."

తొక్కాడు. ఆమె కాసేపు చూసింది. తర్వాత డబ్బా కిందికి దూరి, నల్ల వైరు వెంట తడుముకుంటూ పోయి, దాన్ని ఇనుముకు బిగించిన బోల్టు దగ్గర ఆగింది. పానా అడిగింది. చాకు అడిగింది. బోల్టు విప్పి దాని కింది రంగును గీకసాగింది.

"కొత్త రంగు గట్ల గీకుతున్నవేందమ్మా? పండుగకు ఏసింది."

"రంగు మీదనే బిగించిన్రు అక్కా. ఎర్తు అందుతలేదు, కరెంటు ఇనుములకు పోతలేదు. ఇనుము కనవడాలె."

మళ్లీ బిగించింది. సాయికిరణ్ బ్రేకు తొక్కితే ఈసారి ఎర్రలైటే వెలిగింది, నిండుగా.

ఆమె అంతటితో పోలేదు. కుడి ఇండికేటర్ వేయమంది, ఎడమది వేయమంది, బ్రేకు తొక్కమంది. ప్రతిసారీ కొంచెం వెనక్కి నడిచి చూసింది. చివరికి మూలమలుపు దాకా పోయి, అక్కడి నుంచి చేయి ఊపింది.

గంత దూరంకెల్లి చూసుడేందని తిరిగొచ్చాక అడిగింది అరుణమ్మ.

"వెనకకెల్లి వచ్చెటోళ్లకు గంత దూరంకెల్లే కనవడాలె అక్కా."

అని, డబ్బా వెనక చెక్క మీద అరచేయి ఆనించి ఊరికే నిలబడింది. ఆ చూపు అరుణమ్మకు నచ్చలేదు. మంచినీళ్లు కావాలా అని కూడా అడగలేదు.

బస్టాపు దాకా దింపుతానన్నాడు సాయికిరణ్. వద్దంది. ఎప్పుడు రంగు వేయించినా ఆ బోల్టు చూసుకొమ్మని చెప్పి నడుచుకుంటూ వెళ్లిపోయింది.

అరుణమ్మ వెంటనే ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి కొడుక్కి, ట్రాక్టరుకు, డబ్బాకు దిష్టి తీసి పొయ్యిలో వేసింది. మిరపకాయలు కాలినా ఘాటు రాలేదు. పాడు కన్ను గట్టిగానే తగిలిందనుకుంది.

సాయికిరణ్ బండి తీసుకుని వెళ్లాడు. మలుపు తిరిగే ముందు బ్రేకు తొక్కితే, ఎర్రలైటు ఇంటి గడప దాకా కనిపించింది. ఎన్నాళ్లకో ఆమె కుదురుగా కూర్చుంది.

కాసేపటికి పెద్దరాములు మోటారుసైకిలు మీద వచ్చాడు, తన దగ్గరుండిపోయిన జాకీ ఇచ్చిపోదామని.

"ఆలంబీ ఇటెందుకొచ్చింది వదినా? బస్సెక్కుతుంటే చూసిన."

జరిగిందంతా చెప్పింది అరుణమ్మ. ముక్కూ మొహం తెలియని మనిషి, తమ ఇల్లు వెతుక్కుంటూ వచ్చి మరీ ఎందుకు బాగుచేయాలి, అదే అంతుబట్టడం లేదంది. దిష్టి తీసిన సంగతి కూడా చెప్పింది.

పెద్దరాములు జాకీ కింద పెట్టాడు.

"నీకు ఒక సంగతి చెప్పకుంటనే అమ్మిన వదినా. పోయినేడు ఈ డబ్బాను లైట్లు లేకుంట రోడ్డు మీద ఆపినం. చీకట్ల కనవడక, ఉబేద్ అని ఒక పిలగాడు వెనకకెల్లి వచ్చి గుద్దుకొని పానం ఇడిసిండు. ఆలంబీ వానికి తల్లి."