కాగితం వరకే

"అబద్ధపు విడాకులని వేరే ఉండవు జాన్సన్. నేను వేస్తే నిజం కేసే వేస్త. ఒకసారి తెగితే నిజంగనే తెగుతది," అంది వకీలు రమ.

జాన్సన్ నవ్వి, నిజం కేసే వేయమన్నాడు. పక్కన అతని భార్య స్తుతి కూర్చుని ఉంది. రెండేళ్ళకు దగ్గరపడ్డ పాప ఆమె భుజం మీద నిద్రపోతోంది. మంచిర్యాల స్టేషన్ ఎదురుగా మేడ మీద ఉన్న ఆ చిన్న ఆఫీసు కిటికీలోంచి సన్నని వాన, ఆ వానలో ఆగిపోయిన గూడ్సు బండి కనిపిస్తున్నాయి. తడిసిన బొగ్గు మీది నుంచి ఆవిరో పొగో తెలియనిదేదో మెల్లగా లేస్తోంది. స్తుతి దాన్నే చూస్తోంది. మనిషి ఇక్కడుంది గానీ మనసు ఆ బండెక్కి ఎటో పోయినట్టుంది.

సంగతంతా జాన్సనే చెప్పాడు. మామ మైసయ్య ముప్ఫై ఏళ్ళుగా బొగ్గుబావిలో పనిచేశాడు. ఊపిరి సమస్య ముదిరి, మూడు నెలల కింద మెడికల్ బోర్డు వాళ్ళు అన్‌ఫిట్ చేశారు. ఆ నౌకరీ ఇంట్లో ఒకరికి వస్తుందట. మైసయ్యకు కొడుకులు లేరు. పెళ్ళయిన కూతురికి ఇవ్వరట, విడాకులైన కూతురికైతే ఇస్తారట. అందుకని కాగితం వరకు విడిపోయి, నౌకరీ చేతికొచ్చాక చర్చిలో మళ్ళీ పెళ్ళి చేసుకుంటారట. ఇన్ని 'అట'లు విన్నాక రమకు తల తిరిగింది.

"ఇదంతా నీకెవరు చెప్పిండ్రు?"

"స్తుతే చెప్పింది మేడం. జమ్మికుంట యార్డుల పత్తి బస్తాలు మోసెటోన్ని, నాకు గీ రూల్సు ఏం తెలుసు?" అన్నాడు, పెళ్ళాం తెలివికి మురిసిపోతూ.

కేసు వేసే ముందు రమ ఎవరినైనా కూర్చోబెట్టి అన్నీ తేల్చుకుంటుంది. ఇద్దరూ ఇష్టపడి వచ్చినా సరే, ఏ విషయం ఎటూ తేలకుండా కాగితం టైపుకు పంపదు. ముందుగా విడిగా ఎన్నాళ్ళ నుంచి ఉంటున్నారని అడిగింది. క్రైస్తవుల చట్టంలో రెండేళ్ళు నిండాలని చెప్పింది.

"పోయిన నెల పన్నెండుకు నిండినయ్ మేడం," అంది స్తుతి, కిటికీ నుంచి చూపు తిప్పకుండానే.

ఆ తారీఖు తనకే గుర్తు లేదని జాన్సన్ ఒప్పుకున్నాడు. కాన్పుకని పుట్టింటికి వెళ్ళింది, తరవాత తండ్రికి బాగాలేదని అక్కడే ఉండిపోయింది, అదీ ఇప్పుడు కలిసొచ్చింది. తనైతే అటు పోడు. మామకు తనంటే ఎందుకో గిట్టదు, గడప తొక్కనివ్వడు. ఏ మాటైనా ఫోన్లోనే.

పాప ఎవరి దగ్గర ఉంటుందని రమ అడిగితే, తన దగ్గరేనని స్తుతి చెప్పింది. మనోవర్తి సంగతి అడిగితే, ఆయనది తనకేమీ వద్దంది. జాన్సన్ అన్నిటికీ తలూపాడు. మనసులో అతను అప్పటికే కంపెనీ క్వార్టర్‌లోకి మారిపోయాడు. రెండు గదులట, వెనక జాగాలో బొప్పాయి చెట్టు పెడతాడట. స్తుతి డ్యూటీ నుంచి వచ్చేసరికి చాయ్ పెట్టి ఉంచుతాడట, తాగుడు ముట్టడట. చెబుతుంటే అతని గొంతు మెత్తబడింది. వాన చప్పుడులో వింటుంటే ఆ క్వార్టర్‌లో ఎవరో దీపం పెట్టినట్టే అనిపించింది. పాపం అనుకుంది రమ.

ఇక కారణం మిగిలింది. ఇద్దరికీ పొసగలేదని రాస్తే చాలంది రమ. జాన్సన్‌కు అది నచ్చలేదు.

"జర గట్టిగ రాయుండ్రి మేడం. తాగుతడని రాయుండ్రి, కొడ్తడని రాయుండ్రి. బాత్రూంల జారి పడి స్తుతి చెయ్యి ఇరిగినప్పటి ఎక్స్‌రే కూడ ఉన్నది. అది నేనే ఇరగ్గొట్టిన్నని పెట్టుండ్రి."

"అదేం వద్దు మేడం," అంది స్తుతి వెంటనే. "పొసగలేదని రాయుండ్రి, చాలు."

భర్త పరువు కాగితం మీద కూడా పోనివ్వని ఆ పిల్లను చూస్తే రమకు ముచ్చటేసింది, కోపమూ వచ్చింది. పెన్ను పక్కన పెట్టి జాన్సన్‌ను సూటిగా అడిగింది.

"రేపు ఈమె నిన్ను రావద్దంటే ఏం చేస్తవ్? పాప మీద కూడ నీ మాట చెల్లది. సోంచాయించుకున్నవా?"

అతను భార్య వంక చూశాడు. ఆమె పాప తల నిమురుతోంది.

"నన్నిడిసి ఏడికి పోతది మేడం," అన్నాడు. కాగితాలు టైపై వచ్చాక, రమ చూపించిన చోటల్లా సంతకాలు పెట్టేశాడు. ఆధార్ కార్డులు జిరాక్స్ తీయించుకొస్తానని, తల మీద రుమాలు కప్పుకుని మెట్లు దిగిపోయాడు.

స్తుతి పెన్ను తీసుకుంది. తొందరపడకుండా, పేరంతా పూర్తిగా రాసి సంతకం చేసింది. గూడ్సు బండి కదిలింది. రమకు మనసొప్పలేదు. ఇంకా మించిపోయింది లేదని, ఇష్టం లేకపోతే ఆ కాగితాలు ఇప్పుడే చింపేస్తానని చెప్పింది.

"నౌకరీ కోసం ఉన్న సంసారం పోగొట్టుకుంటవా బిడ్డా? మీ బాపును అడిగినవా, ఆయనకిప్పుడెట్లున్నది?"

స్తుతి పాపను రెండో భుజానికి మార్చుకుని, వచ్చిన తరవాత మొదటిసారి నవ్వింది.

"బాపు పొద్దుగాల్నే డ్యూటీకి పోయిండు మేడం."