డాల్డా డబ్బాల అణుబాంబు

అణుబాంబు మాయమైంది. ఆఖరి రంగానికి పది నిమిషాలే ఉంది.

దాన్ని వైమానిక స్థావరం నుంచి ఎత్తుకుపోయిన పైలట్ అప్పలసూరి, తెర వెనక అట్ట విమానం రెక్కల కింద దూరి మరీ వెతుకుతున్నాడు. మూడేళ్లుగా తుపాకీ పట్టుకుని నోరు మెదపకుండా నిలబడే వేషాలేశాక, జుగ్సలాయి వెల్డింగ్ షెడ్డు విశ్వకర్మ పూజ నాటకంలో ఇదే అతని మొదటి పెద్ద వేషం. బాంబు కూడా అతనే చేశాడు, నెల్లాళ్లు డాల్డా డబ్బాలు అతికించి.

"బాంబు లేకపోతే తెర దించేసి భజన పెట్టిస్తాను" అన్నాడు గణపతిరావు. నాటకానికి దర్శకుడూ అతనే, ఎయిర్ మార్షలూ అతనే.

అప్పలసూరి వెళ్లి కాపలా సిపాయి ఆదిబాబు కాలరు పట్టుకున్నాడు. "పైలట్ వేషం నీకివ్వలేదని దాచీసినావు కదరా."

"నాకేటవసరం? మధ్యాన్నం మీయమ్మే అట్టుకెళ్లింది, పూజలో ఎడతానని."

"మరి చెప్పవేటి?"

"నువ్వు అడగందే?"

అప్పలసూరి పక్కనే ఉన్న పందిట్లోకి పరిగెత్తాడు. విశ్వకర్మ విగ్రహం ముందు సుత్తులు, రెంచీలు, వాటి మధ్య బంతిపూల దండ వేసుకుని అణుబాంబు.

చెయ్యి చాపాడో లేదో పూజారి మిశ్రాజీ కసిరాడు. "కల్ సుబే తక్ హాథ్ మత్ లగావో."

పూజకు పెట్టిన పనిముట్టును మర్నాడు పొద్దుటిదాకా కదపకూడదు. ఆ సంగతి అప్పలసూరికీ తెలుసు. మిశ్రాజీ హారతి కర్పూరం కోసం అటు తిరిగాడు. దండ ఊడదీసిన బాంబు పైలట్ కోటు కింద ఒదిగిపోయింది.

తెర లేచింది. బల్లమీద బాంబు, దాని వెనక వరసగా నలుగురు పైలట్లు. వాళ్లలో దొంగ ఎవరో నాటకం ఆఖరిమాటలో గానీ తెలియకూడదు. ముందే తెలిసిపోతే నాటకం మట్టిగొట్టుకుపోయినట్టే.

గణపతిరావు బల్ల గుద్దాడు. "దేశాన్ని మోసం చేసి దీన్ని ఎత్తుకుపోయిన దొంగ ఎవడు?"

నలుగురూ తలలు వంచుకున్నారు. గుద్దిన ఊపుకి బాంబు కాస్త దొర్లి, పూజలో పెట్టిన అరచేతంత కుంకుమ బొట్టు జనం వైపు తిరిగింది.

ముందు వరసలోంచి దాలమ్మ లేచి నిలబడింది.

"ఇంకెవుడు బాబూ, దేవుడి ముందరెట్టింది ఎత్తుకొచ్చీసినాడు. ఆ చివర్న నిలబడ్డాడే, నా కొడుకు అప్పలసూరి."