ఒక్క పేరు

"తుపాకులు అమ్ముకునే మీకు ఈ పరిశోధనల గోల ఎందుకు పెద్దాయనా?"

కమిషనర్ రాయిస్ అలా అనేసరికి కౌంటీ సభంతా ఘొల్లున నవ్వింది.

మైకు ముందున్న ముసలాయన పేరు వెర్న్ టటిల్. అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో, జిల్లాలాంటి అదే కౌంటీలో, అవతలి ఊళ్లో తుపాకుల కొట్టు ఆయనది. రాయిస్ ఆయన్ని చూడటం అదే మొదలు.

"అమ్ముతాం కాబట్టేనండి. కొందరు వేటకి కొనరు, తమని తాము కాల్చుకోడానికి కొంటారు. అలాంటివాళ్లని ఎలా పోల్చుకోవాలో, ఎలా ఆపాలో యూనివర్సిటీవాళ్లు పరిశోధించి మాకు నేర్పుతామంటున్నారు. ఖర్చులో కౌంటీ సగం ఇస్తేనే రాష్ట్రం మిగతా సగం ఇస్తుంది. గడువు ఇవాళే."

"ఇవాళ పరిశోధన అంటారు, రేపు మా తుపాకుల బీరువా తాళాలు అడుగుతారు!"

రాయిస్ మాటకి చప్పట్లే చప్పట్లు.

"తాళాలెవరికి కావాలండీ! మొన్న చలికాలంలో ఒక కుర్రాణ్ణి ఆపాను. తుపాకి అమ్మనని చెప్పేశాను. కూర్చోబెట్టి, మా చిల్లీ మాంసం కూర పెట్టి, చీకటి పడేదాకా కబుర్లు చెప్పాను. ఇప్పుడు బాగున్నాడు."

"ఎవరా కుర్రాడు?"

టటిల్ తలెత్తి రాయిస్ వంక చూశాడు.

"చెప్పకూడదండి."

"ఒక్క పేరు చెప్పండి, నా ఓటు మీకే. సభ సాక్షిగా అంటున్నాను!"

ముసలాయన చేతిలో టోపీ నలిగిపోతోంది.

"చెప్పలేనండి."

"ఉంటే కదా చెప్పడానికి! కథలు బాగానే అల్లుతున్నారు. మీ రెండు నిమిషాలూ అయిపోయాయి."

మైకు కట్టేశారు.

మిగతా ఇద్దరు కమిషనర్లలో ఒకరు అవునన్నారు, ఒకరు కాదన్నారు. రాయిస్ కాదన్నాడు. అంతటితో ఆ పరిశోధనకి నూకలు చెల్లాయి.

పాపం, టటిల్ ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. వెళ్తూ వెళ్తూ రాయిస్ దగ్గర ఆగాడు.

"ఇంట్లో అందరూ కులాసాయేనా అండీ?"

"మాకేం, దివ్యంగా ఉన్నాం!"

"సంతోషమండి," అన్నాడు ముసలాయన. ఆ మాట మనసారా అన్నాడు.

సాయంత్రం రాయిస్ ఇంటికి కొడుకు కోల్బీ భోజనానికి వచ్చాడు. భార్య వదిలేసి వెళ్లాక కుంగిపోయి, ఎవరి సాయమూ లేకుండా తేరుకున్నాడని రాయిస్‌కి కొడుకంటే ఎంత గర్వమో!

"ఇవాళ భలే తమాషా జరిగిందిరా," అంటూ టటిల్‌ని అనుకరించి మరీ చూపించాడు. "కూర్చోబెట్టి చిల్లీ పెట్టాడట! పేరడిగితే నీళ్లు నమిలాడు."

కోల్బీ తినడం ఆపేశాడు.

"పేరు చెప్తే ఓటేస్తానన్నావా?"

"అందరి ముందూ అన్నాను. అయినా చెప్తేనా!"

"మళ్లీ ఓటు పెట్టడానికి లేదా నాన్నా?"

"గడువు దాటిపోయిందిరా. ఏం, ఆ ముసలాడు నీకు తెలుసా?"

కోల్బీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నీకు మాత్రం ఎప్పటికీ చెప్పొద్దని ఆయన చేత ఒట్టు వేయించుకున్నది నేనే నాన్నా."